పైథాన్ 2 నుంచి పైథాన్ 3కు: పరస్పరాధారిత ఓపెన్‌సోర్స్ ప్యాకేజీల సమన్వయ చరిత్ర (2008–2020)

వ్యాససంగ్రహం

పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 2008 డిసెంబరులో తన పూర్వరూపంతో పొసగని మూడవ రూపాన్ని వెలువరించింది. పూర్వరూపానికి మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. ఈ రెండు తేదీల నడుమ, ఒకదానిపై ఒకటి ఆధారపడిన వేలాది ఓపెన్‌సోర్స్ ప్యాకేజీలు, ఆజ్ఞాపించగల కేంద్రాధికారం ఏదీ లేకుండానే కొత్త రూపానికి మారాయి. ఆ మార్పు ఏ క్రమంలో జరిగింది, తొలి ప్రణాళిక ఎందుకు ఫలించలేదు, చివరకు ఏ ఏర్పాట్లు దానిని సాధ్యం చేశాయి అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ మార్పుకు మూలకారణం ఆంగ్లేతర లిపుల నిర్వహణ కనుక, తెలుగు లిపికి దీనితో గల సంబంధాన్ని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: పైథాన్, ఓపెన్‌సోర్స్, యూనికోడ్, ప్యాకేజీల పరస్పరాధారం, అనుకూలత, తెలుగు లిపి.

1. ప్రవేశిక

నేటి సాఫ్ట్‌వేర్ ఏదీ ఒంటరిగా నిలబడదు. ఒక పరిశోధకుడు నూరు పంక్తుల ప్రోగ్రాము రాస్తే, దాని అడుగున గణితానికి ఒక ప్యాకేజీ, పటాలు గీయడానికి మరొకటి, వాటి కింద ఇంకొన్ని ఉంటాయి. వీటిలో ఒక్కటి మారినా పైనున్న వాటికి ఆ మార్పు తగులుతుంది. ఒకే సంస్థలో రాసిన సాఫ్ట్‌వేరయితే పై అధికారి ఒక తేదీ నిర్ణయించి అన్ని విభాగాలనూ ఆనాటికి సిద్ధం కమ్మనవచ్చు. ఓపెన్‌సోర్స్ లోకంలో అది కుదరదు. అక్కడ ప్రతి ప్యాకేజీకీ వేరువేరు నిర్వాహకులు ఉంటారు. వారిలో చాలామంది జీతం లేకుండా, తీరిక వేళల్లో పనిచేసేవారే. ఒకరి మాట మరొకరు వినితీరాలనే నియమం లేదు.

పైథాన్ 2 నుంచి పైథాన్ 3కు జరిగిన ప్రయాణాన్ని సాధారణంగా భాషారూపకల్పనకు సంబంధించిన కథగా చెబుతారు. మార్పు మంచిదా చెడ్డదా, భాషాకర్తలు తొందరపడ్డారా అనే వాదాలే అందులో ప్రధానంగా కనిపిస్తాయి. ఈ వ్యాసం ఆ చరిత్రను మరొక కోణం నుంచి చూస్తుంది. భాష మారడానికి ఒక్క విడుదల చాలింది. దానిపై ఆధారపడిన లోకం మారడానికి పదకొండేళ్లు పట్టింది. ఈ వ్యవధిని వివరించేది భాష గుణదోషాల కంటె ఎక్కువగా ప్యాకేజీల మధ్య సమన్వయమేనని ఇక్కడి ప్రతిపాదన.

2. మార్పుకు కారణం: అక్షరమూ బైటూ

నెదర్లాండ్స్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధనాసంస్థలో పనిచేస్తూ గైడో వాన్ రోసమ్ రూపొందించిన పైథాన్ 1991లో లోకానికి అందింది. తెలుగు సహా అనేక లిపులకు చోటిచ్చిన యూనికోడ్ తొలి ప్రమాణం వెలువడినదీ ఆ ఏడాదే. కాని పైథాన్‌లో యూనికోడ్ పాఠానికి ప్రత్యేక రకం 2000 అక్టోబరులో వచ్చిన 2.0 విడుదలతో స్థిరపడింది. అప్పటికే ఉన్న మామూలు అక్షరమాలికను తొలగించకుండా, దాని పక్కనే కొత్తదానిని చేర్చారు. చిక్కు అక్కడ మొదలైంది.

పాత అక్షరమాలిక నిజానికి బైట్ల వరుస. ఆంగ్లంలో ఒక అక్షరానికి ఒక బైటు సరిపోతుంది కనుక తేడా తెలియదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ‘తెలుగు’ అనే పదాన్నే తీసుకొంటే, మన దృష్టిలో అందులోని అక్షరాలు 3. యూనికోడ్ దృష్టిలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని సంకేతాలు 6. నిల్వలో బైట్లు 18. ఈ పదం పొడవెంతని పైథాన్ 2 మామూలు అక్షరమాలికను అడిగితే 18 అని చెప్పేది. మొదటి నాలుగు స్థానాలను కత్తిరించమంటే ఒక సంకేతం మధ్యలో తెగిపోయేది.

అంతకంటె పెద్ద చిక్కు రెండు రకాలనూ కలిపినప్పుడు వచ్చేది. పైథాన్ 2 బైట్ల వరుసను ఆంగ్లాక్షరాల వరుసగా భావించి, అడగకుండానే యూనికోడ్‌గా మార్చబోయేది. లోపల ఆంగ్లేతర అక్షరం ఉంటే ప్రోగ్రాము ఆగిపోయేది. ఆంగ్లంలో పరీక్షించినంతకాలం ఈ దోషం బయటపడదు. తెలుగువారో, జపాన్‌వారో, రష్యావారో తమ పేరును తమ లిపిలో టైపు చేసిన రోజున బయటపడుతుంది. అంటే దోషం చేసినవారికి అది కనిపించదు. కనిపించినవారికి దానిని సరిదిద్దే అవకాశం సాధారణంగా ఉండదు.

పైథాన్ 3 ఈ రెండింటినీ విడదీసింది. పాఠం వేరు, బైట్లు వేరు. కలపాలంటే ప్రోగ్రామరే ఏ పద్ధతిలో మార్చాలో చెప్పాలి. అచ్చువేసే ఆదేశం ఫంక్షన్‌గా మారడం, 7ను 2తో భాగిస్తే 3 బదులు 3.5 రావడం వంటి ఇతర మార్పులూ ఉన్నాయి. అవి చాలావరకు యంత్రం సవరించగల మార్పులు. పాఠానికీ బైట్లకూ మధ్య విభజన అటువంటిది కాదు. పాత ప్రోగ్రాములోని ఒకానొక అక్షరమాలిక మనిషి చదివే పాఠమా, యంత్రానికి పంపే బైట్లా అన్నది ఆ ప్రోగ్రాము రాసినవారికే తెలుసు. ఒక ప్యాకేజీ ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు, దానిని వాడే ప్యాకేజీలన్నింటినీ కట్టిపడేస్తుంది. సమన్వయం అనివార్యమైనది ఇందువల్లనే.

3. తొలి ప్రణాళిక, దాని పరిమితులు

2006లో రాసిన పెప్ 3000 అనే ప్రణాళికాపత్రం పరివర్తన మార్గాన్ని నిర్దేశించింది. 2.6లో రాసిన ప్రోగ్రాము మార్పు లేకుండా 3.0లో నడవాలనే నియమం ఉండదని, అందులో ఒక ఉపభాగమైనా నడుస్తుందనే హామీ కూడా ఇవ్వమని ఆ పత్రం స్పష్టం చేసింది. దానికి బదులు ‘టూ-టు-త్రీ’ అనే అనువాద పరికరాన్ని ముందుంచింది. నిర్వాహకులు తమ ప్రోగ్రామును 2.6లోనే ఉంచి, హెచ్చరికలను సరిచేసి, పరికరంతో మూడవ రూపాన్ని పుట్టించాలి. పుట్టిన రూపాన్ని చేతితో దిద్దకూడదు. దోషం కనిపిస్తే మూలాన్ని సవరించి మళ్లీ అనువదించాలి.

2.6 విడుదల 2008 అక్టోబరు 1న, 3.0 విడుదల డిసెంబరు 3న జరిగాయి. ఆచరణలో ఈ మార్గం కష్టమైంది. చిన్న సవరణ చేసినా మొత్తం అనువాదం మళ్లీ నడపవలసి వచ్చేది. మూడవ రూపంలో వచ్చిన దోషసూచన చూపే పంక్తి, మూలంలోని పంక్తితో కలిసేది కాదు. కొత్తరూపం వాడేవారు పంపిన సవరణను మూలంలో చేర్చడానికి నిర్వాహకులు దానిని వెనక్కు అనువదించుకోవలసి వచ్చేది.

అంతకంటె లోతైన లోపం మరొకటి ఉంది. ఈ ప్రణాళిక ప్రతి ప్యాకేజీనీ విడిగా, తనంతట తాను నిర్ణయం తీసుకోగల ఘటకంగా చూసింది. వాస్తవంలో ఏ నిర్వాహకుడూ తన కింది ప్యాకేజీలు మారకముందు మారలేడు. మారినా, తనపై ఆధారపడినవారు పాతరూపంలోనే ఉంటే ఆ పాతరూపాన్ని వదలలేడు. గ్రంథాలయకర్తలు వాడుకరుల కోసం, వాడుకరులు గ్రంథాలయాల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ముందుగా కదిలినవారికి శ్రమ ఎక్కువ, ప్రయోజనం తక్కువ.

4. ఆధారాల గొలుసు

ఈ ప్రతిష్టంభన ఎక్కడెక్కడ ఎలా సడలిందో చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. విజ్ఞానశాస్త్ర రంగంలో అన్నింటికీ అడుగున ఉన్న ప్యాకేజీ నంపై. దాని 1.5 విడుదల 2010లో పైథాన్ 3ను అంగీకరించింది. దానిపై నిలిచిన సైపై 0.9 విడుదలతో 2011లో, పటాలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ 1.2 విడుదలతో 2012లో అదే బాట పట్టాయి. ఒక్కొక్క అంతస్తుకు సుమారు ఒక ఏడాది పట్టింది. పై అంతస్తులోని సామాన్య పరిశోధకుడు మారాలన్నా ఈ మూడూ పూర్తయ్యేదాకా ఆగవలసిందే.

వెబ్ రంగంలో ముందుగా మారవలసి వచ్చింది ప్యాకేజీ కాదు, ఒక ఒప్పందం. వెబ్ సర్వర్లకూ వెబ్ ప్రోగ్రాములకూ మధ్య వ్యవహారాన్ని నిర్ణయించే విస్గీ ప్రమాణం పాత అక్షరమాలికను దృష్టిలో ఉంచుకొని రాసినది. కొత్త పైథాన్‌లో శీర్షికలు పాఠమా బైట్లా అన్నది తేలనిదే ఇరుపక్షాల్లో ఎవరూ అడుగు వేయలేరు. 2010లో వచ్చిన పెప్ 3333 దానిని తేల్చింది. ఆ తర్వాతనే జాంగో వంటి పెద్ద చట్రానికి దారి ఏర్పడింది. 2013 ఫిబ్రవరిలో వచ్చిన జాంగో 1.5 ప్రయోగాత్మకంగా పైథాన్ 3ను స్వీకరించింది.

గొలుసులో కొన్ని కొక్కేలు తెగిపోయినవి కూడా ఉన్నాయి. చిత్రాలను సంస్కరించే పిల్ ప్యాకేజీ చివరి విడుదల 2009లో వచ్చింది. ఆ తర్వాత అది నిలిచిపోయింది. దానిని ఎవరో ఒకరు చేపట్టకపోతే దానిపై ఆధారపడినవేవీ కదలలేవు. 2010లో దాని నుంచి చీలిన పిల్లో, 2013లో 2.0 విడుదలతో పైథాన్ 3ను అందించింది. మైఎస్‌క్యూఎల్ డేటాబేసుకు పాత అనుసంధాన ప్యాకేజీ మారకపోవడంతో మైఎస్‌క్యూఎల్‌క్లయంట్ అనే శాఖ ఆ స్థానాన్ని తీసుకొంది. ప్యాకేజీలను కట్టే సెటప్‌టూల్స్‌కే డిస్ట్రిబ్యూట్ అనే శాఖ ద్వారా పైథాన్ 3 మద్దతు లభించింది. ఆ శాఖ 2013లో తిరిగి మూలంలో కలిసింది. ఓపెన్‌సోర్స్ లైసెన్సు చీలికను అనుమతించడం ఎంత అవసరమో ఈ ఉదాహరణలు చెబుతాయి. నిర్వాహకుడు లేని ప్యాకేజీని మరొకరు న్యాయంగా చేపట్టగలిగారు కనుకనే గొలుసు మళ్లీ అతుక్కుంది.

ఎక్కువగా వాడే ప్యాకేజీల జాబితాను మారినవి పచ్చగా, మారనివి ఎర్రగా చూపే ఒక పుట ఆ రోజుల్లో ప్రసిద్ధి పొందింది. మొదట దాని పేరు ‘సిగ్గుగోడ’. పచ్చదనం పెరిగాక ‘శక్తిగోడ’ అని మార్చారు. నిందతో మొదలై ప్రశంసతో ముగిసిన ఆ పేరుమార్పు, స్వచ్ఛందసేవకులతో ఎలా మాట్లాడాలో ఆ సమాజం నేర్చుకొన్న తీరుకు చిహ్నం.

5. ఉమ్మడి ఉపభాష: ఇరుపక్షాల సడలింపు

పరిష్కారం ప్రణాళికాపత్రం కాదన్న చోటనే దొరికింది. రెండు రూపాల్లోనూ నడిచే ఒకే మూలాన్ని రాయవచ్చని నిర్వాహకులు అనుభవంతో గ్రహించారు. 2010లో బెంజమిన్ పీటర్సన్ వెలువరించిన సిక్స్ అనే చిన్న గ్రంథాలయం ఈ పద్ధతికి ఊతమిచ్చింది. రెండును మూడుతో హెచ్చిస్తే ఆరు కనుక ఆ పేరు. రెండు రూపాల్లో వేరువేరుగా ఉన్న పేర్లను అది ఒకే పేరు వెనుక దాచింది. జాంగో అనుసరించినదీ ఈ ఒకే మూలం పద్ధతినే.

అయితే ఉమ్మడి భూమి విస్తరించడానికి భాషే కొంత వెనక్కు రావలసి వచ్చింది. పైథాన్ 2లో యూనికోడ్ పాఠాన్ని గుర్తించడానికి కొటేషన్ గుర్తుకు ముందు ‘యు’ అక్షరం ఉంచేవారు. పైథాన్ 3లో పాఠమంతా యూనికోడే కనుక ఆ అక్షరం అనవసరమని 3.0 దానిని తొలగించింది. తర్కరీత్యా అది సబబే. కాని ఫలితం విపరీతమైంది. పాతకాలంలోనే శ్రద్ధగా యూనికోడ్ వాడినవారి ప్రోగ్రాములే కొత్తరూపంలో చదవడానికి వీలులేనివయ్యాయి. ఆర్మిన్ రోనాకర్ ప్రతిపాదించిన పెప్ 414 ప్రకారం 2012 సెప్టెంబరులో వచ్చిన 3.3 ఆ అక్షరాన్ని మళ్లీ అనుమతించింది. పైథాన్ 3లో దానికి ఏ అర్థమూ లేదు. పాతరూపంతో కలిసి జీవించడమొక్కటే దాని ప్రయోజనం.

రెండవ సడలింపు 2015లో వచ్చిన 3.5లో జరిగింది. బైట్ల వరుసలో విలువలను పొదిగే పాత పద్ధతిని పెప్ 461 పునరుద్ధరించింది. నెట్‌వర్కు ప్రోటోకాళ్లతో, ఫైళ్లతో నేరుగా పనిచేసే ప్రోగ్రాములకు అది ప్రాణావసరం. మెర్క్యూరియల్ దీనికి మంచి ఉదాహరణ. వాడుకరి ఫైలులో ఏ బైట్లు ఉన్నాయో వాటినే భద్రపరచడం దాని ధర్మం. వాటిని పాఠంగా భావించే హక్కు దానికి లేదు. పాఠానికి పెద్దపీట వేసిన కొత్త పైథాన్‌లో దాని పరివర్తన కష్టమై, పైథాన్ 3 మద్దతు 2019 చివరిదాకా సాగింది. పాఠానికి న్యాయం చేసిన సంస్కరణ బైట్లతో పనిచేసేవారికి భారమైందన్న విమర్శను ఈ ఉదాహరణ దృష్ట్యా తోసిపుచ్చలేము.

మరొకవైపు, 3.2 రూపొందుతున్న కాలంలో భాషలో కొత్త నిర్మాణాలు చేర్చకూడదని పెప్ 3003 ద్వారా నిర్వాహకులు స్వయంగా కట్టడి విధించుకొన్నారు. వెనుక వస్తున్నవారు అందుకోవడానికి ముందున్నవారు నిలవడమే దాని పరమార్థం.

6. గడువూ, గడువును పాటింపజేసిన ఏర్పాట్లూ

ఉమ్మడి మూలం చేరికను సులభం చేసింది. విడుదలను మాత్రం వాయిదా వేసింది. రెండింటిలోనూ నడిచే ప్యాకేజీ ఉన్నంతకాలం వాడుకరికి పాతరూపం వదలవలసిన అవసరం లేదు. నిర్వాహకులకు మాత్రం ప్రతి సవరణనూ రెండుచోట్ల పరీక్షించే భారం మిగిలింది.

పైథాన్ 2లో చివరిదైన 2.7 విడుదల 2010 జూలై 3న వచ్చింది. 2.8 ఉండబోదని పెప్ 404 తేల్చిచెప్పింది. దాని మద్దతు మొదట 2015తో ముగియవలసి ఉంది. 2014లో ఆ గడువును 2020కి పొడిగించారు. ఈ పొడిగింపును ఓటమిగా భావించినవారున్నారు. నిజానికి దానివల్ల అందరూ నమ్మదగిన ఒకే తేదీ ఏర్పడింది. 2020 నాటికి పైథాన్ 2 మద్దతు విరమిస్తామని ప్రధాన ప్యాకేజీలు ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. నంపై 2019 జనవరి 1 నుంచి కొత్త విడుదలలు పైథాన్ 3కే పరిమితమని ముందే ప్రకటించి, 1.16 విడుదలను పాతవారి కోసం ఏడాదిపాటు పోషించింది. 2017 డిసెంబరులో వచ్చిన జాంగో 2.0 పాతరూపాన్ని వదిలింది, 1.11 దీర్ఘకాల మద్దతుతో కొనసాగింది. ఏ ఒక్కరూ ముందుగా తప్పుకొని నింద మోయవలసిన పని లేకుండా, అందరూ కలిసి తప్పుకొనే వీలు ఈ ప్రకటన కల్పించింది.

ప్రకటనలు చాలవు, వాటిని అమలుపరిచే సాంకేతిక ఏర్పాటు కావాలి. ఐపైథాన్ బృందం ఈ సంగతిని ముందుగా గుర్తించింది. పైథాన్ 3కే పరిమితమైన కొత్త విడుదలను ప్రచురిస్తే, పైథాన్ 2లో ఉన్న వాడుకరి మామూలుగా స్థాపించబోయినప్పుడు పిప్ ఆ కొత్తదానినే తెచ్చి అతని వ్యవస్థను పాడుచేసేది. దీనిని నివారించాలంటే నాలుగు భాగాలు కలిసి పనిచేయాలి. ప్యాకేజీ తనకు ఏ పైథాన్ కావాలో చెప్పడానికి ప్రమాణం ఉండాలి. సెటప్‌టూల్స్ దానిని రాయాలి. పైపీఐ భాండాగారం దానిని చూపాలి. పిప్ దానిని చదవాలి. 2016లో ఈ భాగాలు ఒక్కొక్కటిగా సమకూరి, నవంబరులో పిప్ 9.0తో వలయం పూర్తయింది. 2017 ఏప్రిల్‌లో ఐపైథాన్ 6.0 పాతరూపాన్ని వదిలినప్పుడు, పైథాన్ 2 వాడుకరులకు పిప్ తనంతట 5వ శ్రేణిని ఎంచి ఇచ్చింది. వాడుకరి చేయవలసిందేమీ లేకపోయింది. పిప్ పాతదైతే మాత్రం ఈ రక్షణ పనిచేయదు. అటువంటివారికి పిప్‌ను నవీకరించుకొమ్మనే సందేశం కనిపించేటట్లు చేశారు.

7. తొలగింపు: వెనుదిరిగిన క్రమం

లినక్స్ పంపిణీలలో ఈ చరిత్ర చివరి అధ్యాయం కనిపిస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు పునాది నుంచి పైకి వెళతాం. విప్పేటప్పుడు కప్పు నుంచి కిందికి వస్తాం. పరివర్తన నంపై వంటి అడుగు ప్యాకేజీలతో మొదలయింది. తొలగింపు మాత్రం ఎవరికీ ఆధారం కాని కొస ప్యాకేజీలతో మొదలు కావాలి. ఆధారంగా ఉన్నదానిని ముందే తీసివేస్తే పైవన్నీ కూలుతాయి. డెబియన్ ఈ పద్ధతిలోనే కొస నుంచి మూలానికి ప్యాకేజీలను తొలగించుకొంటూ వచ్చింది. 2021లో వచ్చిన దాని 11వ విడుదలలో పైథాన్ 2.7 నామమాత్రంగా మిగిలింది. 2023లోని 12వ విడుదలలో పూర్తిగా పోయింది. పైథాన్ 2 చివరి విడుదలైన 2.7.18 వెలువడిన తేదీ 2020 ఏప్రిల్ 20. తొలి ప్రణాళికకు కేంద్రమైన టూ-టు-త్రీ పరికరాన్ని సైతం 2024లో వచ్చిన పైథాన్ 3.13 తొలగించింది.

8. తెలుగుకు కలిగిన ఫలితం

సహజభాషా పరిశోధనలో విరివిగా వాడే ఎన్‌ఎల్‌టీకే గ్రంథాలయం 3.0 విడుదలతో 2014లో పైథాన్ 3ను స్వీకరించింది. పదవర్గీకరణ చేసిన తెలుగు పాఠం కూడా అందులో లభిస్తుంది. నేడు తెలుగు పాఠాన్ని విశ్లేషించే విద్యార్థికి బైట్లూ పాఠమూ కలగాపులగమై ప్రోగ్రాము ఆగిపోయే అనుభవం బహు అరుదు. ‘తెలుగు’ పొడవెంతంటే పైథాన్ 3 చెప్పే జవాబు 6.

ఆ జవాబు 3 కాదన్నది గమనించాలి. సంస్కరణ బైటు నుంచి యూనికోడ్ సంకేతం వరకు వచ్చింది. అక్షరం వరకు రాలేదు. ‘తెలుగు’ అన్నీ అక్షరాలేనా అని అడిగితే పైథాన్ 3 కాదంటుంది. గుణింతపు గుర్తులను అది అక్షరవర్గంలో చేర్చదు. ప్రామాణిక అన్వేషణ గ్రంథాలయంలో పదాక్షరాలను వెదికే సంకేతం కూడా ఆ గుర్తుల దగ్గర పదాన్ని విరిచి, త, ల, గ అనే మూడు ముక్కలు చేస్తుంది. పదాల పట్టిక, పౌనఃపున్యం లెక్కించే తెలుగు పరిశోధకులు ఈ సంగతి తెలియక తప్పుడు ఫలితాలు పొందే ప్రమాదం ఇప్పటికీ ఉంది.

9. ఉపసంహారం

ఈ పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

మొదటిది, పరస్పరాధారిత ప్యాకేజీల లోకంలో అనుకూలత ఏ ఒక్క ప్యాకేజీ గుణమూ కాదు. అది ప్యాకేజీల మధ్య ఉండే సంబంధం. దానిని ఒక్కొక్కరికి విడిగా అప్పగించిన తొలి ప్రణాళిక అందువల్లనే ఫలించలేదు. రెండవది, పాతకొత్తలు కొంతకాలం కలిసి నడిచే ఉమ్మడి భూమి లేనిదే ఎవరూ కదలరు. ఆ భూమిని సిద్ధం చేయడంలో మార్పు కోరినవారు కూడా వెనక్కు తగ్గవలసి ఉంటుంది. మూడవది, ఉమ్మడి భూమికి అంతం చెప్పే తేదీ, ఆ తేదీన వాడుకరికి నష్టం కలగకుండా కాపాడే సాంకేతిక ఏర్పాటు రెండూ అవసరం.

ఈ పాఠం వృథా పోలేదు. 2006 తర్వాత తొలిసారి ప్రధాన రూపమార్పు చేసిన నంపై, 2024 జూన్‌లో 2.0ను విడుదల చేసినప్పుడు భిన్నమార్గం పట్టింది. కొత్తరూపంతో నిర్మించిన ప్యాకేజీలు పాతరూపంలోనూ నడిచే వీలు కల్పించింది. నెలల ముందే పరీక్షా విడుదలనిచ్చి, తనపై ఆధారపడిన ప్యాకేజీలు ముందుగా సిద్ధం కావడానికి అవకాశమిచ్చింది. పైథాన్ 3 విషయంలో ఏళ్ల తరబడి అనుభవంతో నేర్చుకొన్నది ఇక్కడ ప్రణాళికలోనే భాగమైంది.

చివరిగా ఒక మాట. ఈ చరిత్రలో విడుదలల తేదీలు నమోదయ్యాయి. శ్రమ నమోదు కాలేదు. ఒక్కొక్క అక్షరమాలికనూ ఎదుట పెట్టుకొని, ఇది పాఠమా బైట్లా అని నిర్ణయించినవారిలో చాలామంది జీతం లేనివారు; తమ ప్రోగ్రాములు ఆంగ్లంలో చక్కగానే నడుస్తుండగా ఆ పని చేసినవారూ వారిలో ఉన్నారు. నేడు ఒక విద్యార్థి తెలుగు ఫైలును ఏ ఆటంకమూ లేకుండా తెరవగలుగుతున్నాడంటే ఆ శ్రమ దానికి పునాది. భారతీయ భాషల సాంకేతిక చరిత్రను ఫాంట్లు, కీబోర్డులతో ఆపకుండా, ఈ కనిపించని సవరణల దాకా విస్తరించవలసిన అవసరం ఉంది.